ఫైబర్ సిమెంట్ సైడింగ్ మీరే వేసుకోవాలంటే

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ శివార్లలో ఇళ్లను గమనిస్తే ముందువైపు ఇటుకో రాయో కనిపిస్తుంది. ఇంటి వెనక, పై అంతస్తులో, చిమ్నీ చుట్టూ మాత్రం పొడవాటి పలకలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. దాన్నే సైడింగ్ అంటారు. 1980లలో, 90లలో కట్టిన ఇళ్లలో చాలావాటికి చెక్కపీచుతో చేసిన హార్డ్‌బోర్డ్ పలకలు వేశారు. వానకు తడిసీ తడిసీ వాటి కింది అంచు ఉబ్బుతుంది, పెయింట్ లేస్తుంది, చివరికి స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగబడుతుంది. అలాంటి గోడను విప్పి ఫైబర్ సిమెంట్ పలకలు వేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఫైబర్ సిమెంట్‌లో ఉండేది సిమెంటు, ఇసుక, నీళ్లు, చెక్కగుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్ నార. వీటిని పలచని పొరలుగా పేర్చి, ఆవిరి ఒత్తిడిలో గట్టిపరుస్తారు. మన ఊళ్లలో షెడ్ల మీద చూసిన చార్మినార్ రేకులది కూడా ఇలాంటి తయారీయే. కాకపోతే ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉండేది, ఇప్పుడు అమెరికాలో అమ్మే సైడింగ్ పలకల్లో అది లేదు. ఈ పలకకు చెద పట్టదు, నిప్పు అంటుకోదు, పెయింట్ చాలా ఏళ్లు నిలుస్తుంది. జేమ్స్ హార్డీ కంపెనీ పేరు మీద దీన్ని అందరూ హార్డీ బోర్డ్ అనేస్తారు గానీ అల్లురా, నిచిహా లాంటి వేరే కంపెనీలూ ఉన్నాయి. ఇక్కడ నేను చెప్పే కొలతలు మామూలుగా వాడే హార్డీ పలకలవి. మీరు ఏ కంపెనీ సరుకు కొంటే ఆ కంపెనీ ఇన్‌స్టలేషన్ గైడ్ దించుకుని చదవండి. వారంటీ క్లెయిమ్ వచ్చిన రోజున వాళ్లు చూసేది ఆ కాగితంలో ఉన్నట్టు వేశారా లేదా అనే.

పనిలోకి దిగేముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. పలక నీటిని పూర్తిగా ఆపదు. గాలివాన కొడితే కొంత నీరు పలకల వెనక్కి వెళ్తుంది. వెళ్లిన నీరు కిందికి జారి బయటికి వచ్చేయాలి, గోడ ఆరిపోవాలి. ఈ పనిలో వదిలే ప్రతి ఖాళీ, నీటిని బయటికి మళ్లించడానికి వేసే ప్రతి ఫ్లాషింగ్ రేకు అందుకోసమే. ఇది అర్థమైతే కొలతలు బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు, ఎక్కడ ఎందుకు ఖాళీ వదలాలో మీకే తడుతుంది.

మొదలుపెట్టే ముందు

మొదటిసారి చేసేవాళ్లు కింది అంతస్తులో ఒక్క గోడ తీసుకోండి. పెరటివైపు గోడ అయితే మంచిది, ఎవరి కంటా పడదు, తొందరా ఉండదు. రెండో అంతస్తు, చిమ్నీ, కరెంటు సర్వీస్ తీగ వచ్చి తగిలే గోడ అనుభవం ఉన్న క్రూకే ఇవ్వండి. 12 అడుగుల పలకను నిచ్చెన మీద నిలబడి పట్టుకుని మేకు కొట్టడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే రంగు, పలక వెడల్పు, ఫోటో జతచేసి ముందే దరఖాస్తు పెట్టండి. అనుమతి ఈమెయిల్‌లోనో కాగితం మీదో చేతికి వచ్చాకే సరుకు ఆర్డర్ ఇవ్వండి. సిటీ పర్మిట్ నియమాలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్ విభాగానికి ఫోన్ చేసి అడిగేయండి.

ఇల్లు 1978కి ముందు కట్టిందైతే పాత పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. పాత పలకలు గట్టిగా, పెళుసుగా, సిమెంటు రేకులా అనిపిస్తే అవి ఆస్‌బెస్టాస్ సిమెంట్ కావచ్చు. ల్యాబ్‌లో పరీక్ష చేయించేదాకా వాటిని విప్పకండి, విరవకండి, రంపం అసలే పెట్టకండి.

ఎంత సరుకు కావాలి

పలకలు 12 అడుగుల పొడవులో వస్తాయి. వెడల్పుల్లో ఎక్కువమంది కొనేది 8.25 అంగుళాలది. పై పలక కింది పలక మీదికి కనీసం అంగుళంపావు ఎక్కాలి కాబట్టి బయటికి కనిపించేది 7 అంగుళాలు. అంటే ఒక్కో పలక 7 చదరపు అడుగుల గోడను కప్పుతుంది.

గోడ 30 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు అనుకుందాం. మొత్తం 270 చదరపు అడుగులు. అందులో పెరటి తలుపు 6 అడుగులు, 7 అడుగులు ఉంటే 42 తీసేయండి, 228 మిగులుతుంది. చిన్న కిటికీలను తీసేయొద్దు, వాటి చుట్టూ కోసేటప్పుడు ముక్కలు వృథా అవుతాయి. వృథాకు 10 శాతం కలిపితే సుమారు 251. ఏడుతో భాగిస్తే 36 పలకలు. వీటికి రెండు మూడు అదనంగా తెచ్చుకోండి, ఎందుకో చివర్లో చెబుతాను.

హార్డీ పలకల్లో వాతావరణాన్ని బట్టి రెండు రకాలుంటాయి. మంచు పడి గడ్డకట్టే న్యూజెర్సీ, షికాగో లాంటి చోట్లకు హెచ్‌జెడ్5, టెక్సస్ లాంటి వేడి, తేమ ప్రాంతాలకు హెచ్‌జెడ్10. మీ ఊరి దుకాణంలో మీ ఊరికి తగ్గదే ఉంటుంది. వేరే రాష్ట్రం నుంచి చవగ్గా వస్తోందని తెప్పించుకునేటప్పుడు మాత్రం చూసుకోవాలి.

ప్రైమర్ మాత్రమే వేసిన పలక కొంటే తర్వాత మీరు పెయింట్ వేయాలి. ఫ్యాక్టరీలోనే రంగు వేసినది ఖరీదెక్కువ, కానీ ఆ రంగు నిలుస్తుంది. ఒక్క గోడే మారుస్తూ మిగతా ఇంటి రంగుతో కలపాలంటే ప్రైమర్ పలకే నయం.

సరుకు ఇంటికి వచ్చాక నేల మీద పడేయకండి. కింద దుంగలు దగ్గర దగ్గరగా పెట్టి, వాటి మీద పలకలను పడుకోబెట్టి, పైన పట్టా కప్పండి. తడిసిన పలకను గోడకు కొడితే ఆరాక కుంచించుకుపోయి అతుకుల దగ్గర సందులు పడతాయి. ఒక్కో పలక ఎనిమిది తొమ్మిది కిలోలు ఉంటుంది. బరువుకన్నా వంగడమే ఇబ్బంది. అడ్డంగా పడుకోబెట్టి మోస్తే నడుములో విరుగుతుంది. అంచు మీద నిలబెట్టి, ఇద్దరు చెరో చివర పట్టుకోవాలి.

పాత పలకలు విప్పడం

పైనుంచి కిందికి రండి. ఫ్లాట్ బార్‌తో మేకులు లేపుతూ ఒక్కో పలక తీయండి. ఆ రోజు ఎంత మూయగలరో అంతే విప్పండి. టెక్సస్‌లో వసంతకాలంలో మధ్యాహ్నం ఎండగా ఉండి సాయంత్రానికి వడగళ్ల వాన వచ్చేస్తుంది. పెద్ద పట్టా ఒకటి చేతికందే దూరంలో ఉంచుకోండి.

పలకలు పోయాక కనిపించేది షీతింగ్, అంటే గోడ చట్రం మీద కొట్టిన చెక్క షీట్లు. చాలా ఇళ్లలో అది ఓఎస్‌బీ, చెక్కపేళ్లను జిగురుతో అదిమి చేసిన షీటు. దాన్ని జాగ్రత్తగా పరీక్షించండి. కిటికీల కింది మూలలు, పైకప్పు వచ్చి గోడను తాకే చోటు, డెక్ కలిసే చోటు, నల్లా గొట్టం బయటికొచ్చే చోటు, వీటి దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా ఉంటే ఆ భాగాన్ని స్టడ్ (గోడ లోపల నిలువుగా ఉండే చెక్క) మధ్య నుంచి స్టడ్ మధ్య వరకు చతురస్రంగా కోసి కొత్త ముక్క వేయండి. లోపలి స్టడ్ కూడా కుళ్లి ఉంటే పని ఆపి అనుభవమున్న వడ్రంగిని పిలవండి, ఆ స్టడ్ ఇంటి బరువు మోస్తోంది. కుళ్లు కనిపించిన ప్రతిచోటా నీరు ఎటునుంచి వచ్చిందో తేలేదాకా ముందుకు పోవద్దు. కారణం వదిలేసి ముక్క మారిస్తే కొన్నేళ్లకు కొత్త ముక్కకూ అదే గతి.

స్టడ్‌లు మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. పాత మేకుల వరుసలే వాటి ఆచూకీ చెబుతాయి. ఆ గీతలను పునాది మీద, పైన సాఫిట్ (కప్పు చూరు అడుగుభాగం) కింద సుద్దతో గుర్తుపెట్టుకోండి. షీతింగ్ మీద నీరు చొరకుండా చుట్టే హౌస్‌ర్యాప్ అనే పలచని పొర వేశాక అవి మళ్లీ కనిపించవు.

గోడకు అసలు రక్షణ: హౌస్‌ర్యాప్, ఫ్లాషింగ్

ఇక్కడ ఖర్చయ్యే సమయం గురించి బాధపడకండి. పైన పలకలు ఎంత అందంగా వేసినా, ఇంటిని కాపాడేది ఈ పొరే.

హౌస్‌ర్యాప్ కింది నుంచి మొదలుపెట్టాలి. రెండో వరుస మొదటి వరుస మీదికి కనీసం 6 అంగుళాలు రావాలి. పెంకుటింటి మీద పెంకులు పేర్చిన క్రమమే ఇక్కడా, పైది ఎప్పుడూ కిందిదాని మీదికి రావాలి, ఎక్కడా తిరగబడకూడదు. టోపీ మేకులతో స్టడ్‌లకు బిగించి, అతుకుల మీద ఆ కంపెనీ టేపే వేయండి.

కిటికీ దగ్గర కూడా క్రమం అదే. ముందు కింది అంచుకు ఫ్లాషింగ్ టేప్, తర్వాత రెండు పక్కలకు, ఆఖరున పైఅంచుకు. పైన హౌస్‌ర్యాప్‌ను ఒక రెక్కలా లేపి ఉంచి, పై టేప్ వేశాక ఆ రెక్కను దాని మీదికి దించాలి. కిటికీ పై ట్రిమ్ (చుట్టూ అంచుకు వేసే పట్టీ బోర్డు) మీద జెడ్ ఆకారపు ఫ్లాషింగ్ రేకు కూర్చోవాలి, ఆ రేకు వెనక అంచు హౌస్‌ర్యాప్ కిందికి పోవాలి. ఆ రేకుకూ, దాని పైన వచ్చే పలకకూ మధ్య పావు అంగుళం ఖాళీ వదలండి. ఆ ఖాళీలో సందులు మూసే సీలెంట్ పెట్టకండి. గోడలోకి వచ్చిన నీరు కిటికీ మీద చేరకుండా బయటపడే దారి అదే.

ఇంకో చోటుంది, ఇళ్లు లోలోపల పాడయ్యేది ఎక్కువగా అక్కడే. వాలుగా వచ్చిన పైకప్పు గోడకు ఆనుకుని కిందికి దిగి, గోడ మధ్యలో ఆగిపోయే చోటు. కప్పు మీద పారిన నీళ్లన్నీ అక్కడికి చేరతాయి. కికౌట్ ఫ్లాషింగ్ అనే వంగిన రేకు అక్కడ ఉంటే నీటిని గోడ నుంచి పక్కకు తోసి కప్పు అంచున ఉండే గటర్‌లో వేస్తుంది. అది లేకపోతే నీళ్లు నేరుగా సైడింగ్ వెనక్కి దూరతాయి. పాత ఇళ్లలో చాలాచోట్ల ఇది పెట్టలేదు. ఇప్పుడు గోడ విప్పారు కాబట్టి తప్పక పెట్టించండి, రూఫింగ్ మనిషి సాయం తీసుకోవాల్సి వచ్చినా సరే. గటర్ చివరికీ సైడింగ్‌కీ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉండాలి.

కోయడం, దుమ్ము

పలకలో ఇసుక ఉంది. రంపంతో కోస్తే ఆ ఇసుక కంటికి కనిపించనంత సన్నని సిలికా పొడిగా గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి చేరిన సిలికా మళ్లీ బయటికి రాదు. మన దగ్గర క్వారీల్లో, రాళ్లు కొట్టే చోట ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు వచ్చే సిలికోసిస్ దీనివల్లే, దానికి నయం చేసే మందు లేదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2016లో తెచ్చిన నియమం ప్రకారం, ఎనిమిది గంటల పనిలో సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములకు మించి ఈ పొడి ఉండకూడదు. అంత తక్కువ మోతాదుకే హద్దు పెట్టారంటే ప్రమాదం ఎంతటిదో ఆలోచించండి.

అందుకే ఒక్క గోడకైతే నేను రంపం వద్దంటాను. కార్బైడ్ మొన ఉన్న స్కోరింగ్ కత్తితో, స్కేలు ఆనించి, పలక ముఖం మీద రెండు మూడుసార్లు లోతుగా గీసి విరిస్తే నేరుగా విరుగుతుంది, దుమ్ము దాదాపు లేవదు. వంపులకూ కిటికీ చుట్టూ కోతలకూ ఫైబర్ సిమెంట్ కత్తెర వాడండి. డ్రిల్‌కు తగిలించుకునేవీ, విడిగా వచ్చేవీ ఉన్నాయి, పరికరాలు అద్దెకిచ్చే దుకాణాల్లో అడగండి. పలకను పొడవునా చీల్చాల్సి వస్తే రంపం తప్పదు. అప్పుడు వజ్రపు పళ్లు నాలుగో ఆరో ఉన్న ప్రత్యేక బ్లేడు, హెపా ఫిల్టర్ (సన్నని దుమ్మును కూడా పట్టేది) ఉన్న వాక్యూమ్ తగిలించిన రంపం వాడి, ఇంటికి దూరంగా, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి కోయండి. గ్యారేజ్‌లో కోయొద్దు. ఎన్95 మాస్క్ ముఖానికి అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి వచ్చేస్తుంది, కాబట్టి ఆ రోజుకు షేవ్ చేసుకోండి. పిల్లలనూ, కుక్కనూ లోపలే ఉంచండి. పక్కింటివాళ్ల కిటికీలు తెరిచి ఉంటే మూసుకోమని చెప్పండి. పని అయ్యాక చీపురుతో ఊడవకండి, తడిపి ఎత్తండి లేదా హెపా వాక్యూమ్ పట్టండి. దుమ్ము పట్టిన బట్టలు ఇంట్లో దులపకండి.

క్రూను పెట్టుకున్నా ఈ మాట వదలొద్దు. మాస్క్ లేకుండా, దుమ్ము మేఘంలో నిలబడి కోస్తున్న కుర్రాళ్లను ఈ ఊళ్లలో ఎన్నోచోట్ల చూస్తాం. వాళ్లు పనిచేస్తున్నది మీ ఇంటికి. కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడే ఎలా కోస్తారు, మాస్కులు ఎవరిస్తారు అని అడగండి. ఒక బాక్స్ ఎన్95లు మీరే కొని పెడితే ఇంకా మంచిది.

ట్రిమ్, మొదటి వరుస

పలకలకన్నా ముందు మూలల్లో, కిటికీ తలుపుల చుట్టూ ట్రిమ్ బోర్డులు బిగించాలి. పలకలు వచ్చి వాటికి ఆనుతాయి. బయటి లైటు, నల్లా, కరెంటు ప్లగ్ దగ్గర వాటిని బిగించడానికి చదునైన మౌంటింగ్ బ్లాకులు పెట్టండి. విద్యుత్ మీటర్‌ను మీరు కదపకండి, అది కరెంటు కంపెనీ పని.

ఇప్పుడు కింద ఎక్కడ మొదలవ్వాలో తేల్చాలి. పలక కింది అంచు మట్టికి కనీసం 6 అంగుళాల ఎత్తులో ఉండాలి. సిమెంటు నడవా, డెక్, మెట్లు, పైకప్పు వీటికైతే 2 అంగుళాలు. మనవాళ్లు పూలమొక్కల కోసం పోసే మల్చ్ (చెక్కపేళ్ల పొర) ఏటేటా పెరిగి ఈ ఖాళీని మింగేస్తుంది, కొలిచేటప్పుడు మల్చ్ పక్కకు లాగి, పూర్తయ్యాక అది ఎంత ఎత్తుకు వస్తుందో చూసుకుని కొలవండి.

రసమట్టం పట్టుకుని, లేజర్ లెవల్ ఉంటే ఇంకా మేలు, గోడ పొడవునా ఒక మట్టం గీత కొట్టండి. పునాది అంచును నమ్మొద్దు, నార్త్ టెక్సస్ బంకమట్టి మీద పునాది స్లాబులు కాస్త అటూ ఇటూ దిగడం మామూలే. ఆ గీత వెంట పలక నుంచి చీల్చిన అంగుళంపావు వెడల్పు ముక్కను స్టార్టర్ స్ట్రిప్‌గా కొట్టండి. పై వరుసలన్నీ కింది పలక మీద ఒరిగి కొంచెం వాలుగా ఉంటాయి కదా, మొదటి వరుసకు ఆ వాలు ఇచ్చేది ఈ ముక్కే. అది లేకపోతే మొదటి పలక గోడకు చదునుగా పడి వింతగా కనిపిస్తుంది. మొదటి పలక కింది అంచు ఆ స్ట్రిప్‌ను పూర్తిగా కప్పి కనీసం పావు అంగుళం కిందికి దిగాలి.

మొదటి వరుస ఎంత మట్టంగా ఉంటే మిగతా పదిహేను వరుసలు అంత సులువు. దీనికి సగం పూట పోయినా పోనివ్వండి.

పైకి వెళ్లడం

ముందు ఒక పొడవాటి కర్ర మీద 7 అంగుళాలకొక గీత పెట్టి, దాన్ని రెండు మూలల దగ్గరా నిలబెట్టి ట్రిమ్ మీద గుర్తులు వేయండి. అప్పుడే కిటికీ కింద, పైన పలక ఎంత వస్తుందో తెలిసిపోతుంది. కిటికీ మీద అర అంగుళం పట్టీ మిగిలేలా ఉంటే కింది వరుసలన్నిటిలో ల్యాప్, అంటే పై పలక కింది పలక మీదికి ఎక్కే కొలత, కొద్దికొద్దిగా పెంచి సర్దండి. ల్యాప్ పెంచొచ్చు, అంగుళంపావుకు తగ్గించకూడదు. ఒక్కరే పనిచేస్తుంటే గెక్కో గేజ్ అనే జత కొక్కేలు కొనుక్కోండి. కింది పలకకు తగిలిస్తే పై పలకను సరైన ఎత్తులో పట్టుకుని ఉంటాయి.

మేకులు హాట్ డిప్ గాల్వనైజ్డ్ (జింకు పూత పట్టించినవి) గానీ స్టెయిన్‌లెస్ గానీ వాడాలి, మామూలువైతే తుప్పు మరకలు కారతాయి. పలక పై అంచుకు ముప్పావు నుంచి ఒక అంగుళం కింద, ప్రతి స్టడ్‌కూ ఒకటి కొట్టాలి, పై పలక వచ్చి ఆ మేకును కప్పేస్తుంది. 2 అంగుళాల సైడింగ్ మేకు అయితే పలక, ఓఎస్‌బీ దాటి స్టడ్‌లోకి అంగుళంపావు దిగుతుంది. చివరల నుంచి కనీసం 3/8 అంగుళం లోపలికి కొట్టండి, ఇంకా దగ్గరైతే మూల విరుగుతుంది. పెనుగాలులు వీచే తీరప్రాంతాల్లో ముఖం మీద కూడా మేకులు కొట్టాలనే నియమం ఉండొచ్చు, దాన్ని గైడ్‌లో చూడాలి.

మేకు తల పలక ముఖానికి సమంగా ఆగాలి. నెయిల్ గన్ ఒత్తిడి ఎక్కువైతే తల లోపలికి దిగి పలక పట్టు పోతుంది, బయటికి చూస్తే ఏమీ తెలియదు. అందుకని మిగిలిన ముక్క మీద నాలుగైదు కొట్టి చూసుకుని ఒత్తిడి కాస్త తక్కువగానే పెట్టండి, పైకి ఉన్న మేకును సుత్తితో దించుకోవచ్చు. ఒక మేకు లోతుగా దిగితే దాని పక్కన ఇంకోటి సరిగ్గా కొట్టండి.

గోడ 12 అడుగులకన్నా పొడవైతే అతుకులు వస్తాయి. అతుకు ఎప్పుడూ స్టడ్ మీదే పడాలి, రెండు పలకల చివరలూ దానికే బిగియాలి. రెండు చివరలు ఒకదానికొకటి మెల్లగా తగిలేలా పెట్టండి, నొక్కి ఇరికించకండి. వాటి వెనక 6 అంగుళాల వెడల్పు జాయింట్ ఫ్లాషింగ్ ముక్క పెట్టి, దాని కింది అంచు కింది పలక మీదికి ఒక అంగుళం వచ్చేలా చూడండి. అతుకులో దూరిన నీరు ఆ ముక్క మీదుగా జారి కింది పలక ముఖం మీదికి వచ్చేస్తుంది. ఒక వరుస అతుకు మీదే పై వరుస అతుకు పడకుండా కనీసం రెండు స్టడ్ ఖాళీల దూరం జరపండి. మొదటి వరుస పూర్తి పలకతో, రెండోది మూడింట రెండు వంతులతో, మూడోది మూడింట ఒక వంతుతో మొదలుపెడితే అతుకులు గోడంతా చెదిరినట్టు పడతాయి, చూపుకూ బాగుంటుంది.

పలక వచ్చి ట్రిమ్‌ను తాకే చోట 1/8 అంగుళం సందు వదలండి. కిటికీ మూల దగ్గర ఎల్ ఆకారంలో కోసిన పలక ఆ సన్నటి మెడ దగ్గర విరుగుతుంది, దాన్ని మోసేటప్పుడు రెండో మనిషి ఆ మెడను చేత్తో పట్టుకోవాలి.

సీలెంట్ ఎక్కడ, ఎక్కడ వద్దు

పలకకూ ట్రిమ్‌కూ మధ్య నిలువు సందుల్లో పెట్టాలి. పైపులు, వైర్లు బయటికొచ్చే చోట పెట్టాలి. పెయింట్ పట్టే, సాగే రకం సీలెంట్ తీసుకోండి, డబ్బా మీద ఏఎస్‌టీఎం సీ920 లేదా సీ834 అని ఉంటుంది.

పలకల కింది అంచుల వెంట పెట్టకూడదు. కిటికీ మీది ఫ్లాషింగ్ ఖాళీలో పెట్టకూడదు. వెనక ఫ్లాషింగ్ ఉన్న అతుకుల్లోనూ అక్కర్లేదు. ఇల్లు గట్టిగా ఉండాలని ప్రతి సందూ మూసేసేవాళ్లను చూస్తుంటాను. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ లోపలికి వెళ్లిన నీరు గోడలోనే ఉండిపోయి ఓఎస్‌బీని తినేస్తుంది.

ప్రైమర్ పలకలైతే వేసిన 180 రోజుల్లోపు పెయింట్ పూర్తి చేయాలి. నూరు శాతం అక్రిలిక్ బయటి పెయింట్ రెండు కోట్లు వేయండి, కోసిన అంచులను మరిచిపోవద్దు. ఫ్యాక్టరీ రంగు పలకలైతే కోసిన చోట ఆ కంపెనీ టచప్ కిట్ పూయండి, మీద ఉన్న ప్లాస్టిక్ పొర మేకులు కొట్టిన తర్వాతే తీయండి.

తర్వాత చూసుకోవాల్సినవి

ఏడాదికోసారి తోట పైపుతో, మెత్తటి బ్రష్‌తో కడిగితే చాలు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పట్టి కొడితే నీరు పలకల సందుల్లోంచి పైకి ఎక్కుతుంది. కడిగే రోజునే సీలెంట్ గీతలు పగిలాయేమో, స్ప్రింక్లర్ ఏదైనా గోడ మీదికి తిరిగిందేమో చూడండి. మట్టి నుంచి వదిలిన 6 అంగుళాల ఖాళీలో పునాది అంచు కనిపిస్తూ ఉండాలి. చెదలు పైకెక్కేటప్పుడు కట్టే మట్టి గొట్టాలు కంటపడేది ఆ పట్టీ మీదే.

అదనంగా తెచ్చిన రెండు మూడు పలకలు గ్యారేజ్‌లో చదునుగా దాచండి. క్రికెట్ బంతో, వడగళ్లో, గడ్డి కోసే మెషిన్ విసిరిన రాయో తగిలి ఎప్పుడైనా ఒక పలక పగలొచ్చు. అప్పుడు పగిలినదాని పై పలక కింది అంచులో సన్న చెక్క చీలలు దూర్చి నెమ్మదిగా కాస్త ఎత్తండి. ఆ సందులో రెసిప్రొకేటింగ్ రంపం బ్లేడు దూర్చి పగిలిన పలకను పట్టుకున్న మేకులను కోయండి, వెనక ఉన్న హౌస్‌ర్యాప్ చిరగకుండా చూసుకోండి. అప్పుడు ఆ పలక కిందికి జారి వచ్చేస్తుంది. కొత్తది అదే దారిలో పైకి తోసి, పైమేకులు కొట్టడానికి చోటుండదు కాబట్టి కింది అంచుకు కాస్త పైన, స్టడ్‌ల మీద, ముఖం మీదనే మేకులు కొట్టి, తలల మీద టచప్ రంగు పూయండి.